అలవాట్లను మార్చు ప్రత్యాఖ్యానము

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదని తెలుగునాట ఒక సామెత కలదు. జర్దా నమలువాడు, మాటకు ముందే కోపము తెచ్చుకొనువాడు, తూకములో చేయి వాల్చువాడు, అందరును ఈ సామెతను అడ్డము పెట్టుకొని తప్పించుకొనుచుందురు. సామెత కట్టినవారు లోకానుభవము లేనివారు కారు. అయినను జైన శాస్త్రము ఈ మాటను పూర్తిగా అంగీకరింపదు. అంగీకరించినచో ఆరు ఆవశ్యకములలో చివరిదైన ప్రత్యాఖ్యానమునకు చోటే ఉండదు. సామాయికము, చతుర్వింశతి స్తవము, వందనము, ప్రతిక్రమణము, కాయోత్సర్గము అయిన పిమ్మట శ్రావకుడు దేనినో ఒకదానిని విడిచిపెట్టుదునని చెప్పవలెను. ఇండ్లలో దీనినే పచ్చక్ఖాణ మందురు. మనుష్యుడు మారలేనివాడే అయినచో, విడిచిపెట్టుటను దినదినము నేర్పు ఈ పాఠము ఎందులకు?

మారుట ఎంతవరకు సాధ్యమో, ఎప్పటినుండి కష్టమగునో కర్మగ్రంథములు చక్కని పోలికతో చెప్పినవి. కోపము నాలుగు విధములు. నీటిమీద గీచిన గీత వంటిది ఒకటి, ఇసుకలో గీచిన గీత వంటిది ఒకటి, ఎండిన నేలలోని నెఱ్ఱె వంటిది ఒకటి, కొండరాతిలో పడిన చీలిక వంటిది ఒకటి. వీనికే సంజ్వలనము, ప్రత్యాఖ్యానావరణము, అప్రత్యాఖ్యానావరణము, అనంతానుబంధి అని పేర్లు. శ్వేతాంబర సంప్రదాయములో వీనికి కాలమును గూడ చెప్పుదురు. మొదటిది పక్షము, రెండవది నాలుగు మాసములు, మూడవది సంవత్సరము, నాల్గవది ప్రాణమున్నంతవరకు. దిగంబర గ్రంథములలో ఈ గడువులు కొంత భేదించును గాని వరుస అదియే. కోపమునకు చెప్పినదే మానము, మాయ, లోభములకును వర్తించును.

ఇప్పుడు ప్రతిక్రమణము జరుగు దినములను ఈ గడువులతో కలిపి చూడవలెను. ఉదయము, సాయంకాలము చేయునవి గాక పక్షమునకు ఒకటి, నాలుగు మాసములకు ఒకటి, సంవత్సరాంతమున సంవత్సరీ ప్రతిక్రమణము. నీటిగీత ఇసుకగీత కాకముందే పక్షపు ప్రతిక్రమణము వచ్చును. ఇసుకగీత నెఱ్ఱె కాకముందే చౌమాసి వచ్చును. నెఱ్ఱె రాతిచీలిక కాకముందే సంవత్సరీ వచ్చును. ఒకే దుకాణములో వాటాలున్న అన్నదమ్ములు పన్నెండణాల సరుకు విషయములో మాట పట్టుకొని, దీపావళి దాటినను పలుకరించుకొనక, తుదకు పంపకములకు కూర్చుండుట ఎన్ని ఇండ్లలో జరుగలేదు? మొదటి పక్షములో అది నీటిగీతయే. ఎవరును దానిని తుడువలేదు, అంతే. సామెత చెప్పినది ఆ నాల్గవ చీలికను గూర్చి అనుకొనవలెను. తొలి మూడింటి విషయమున అది చెల్లదు.

వర్తకులకు ఇది క్రొత్త సంగతి కాదు. చిట్టా ఏ రాత్రికి ఆ రాత్రి వ్రాయవలెను. ఆవర్జాకు ఎత్తవలెను. నెలకు ఒకసారి నిలువ సరిచూడవలెను. దీపావళికి వహీపూజ చేసి క్రొత్త పుస్తకము తెరువవలెను. అంతా జ్ఞాపకమున్నదిలే అని చిట్టా వ్రాయనివాని లెక్క ఆఖరున కుదిరిన దాఖలా లేదు. 2017 జులై నుండి జి.ఎస్.టి. వచ్చినది. గడువు దాటి రిటర్ను వేసినచో ఆలస్య రుసుము కట్టవలెను. ఆ భయముచేత ఆడిటరు వద్దకు పరుగెత్తుదురు. దినచర్యలోని తప్పులకు నోటీసు పంపు ఆఫీసు ఏదియు లేదు గనుక ఆ లెక్క మాత్రము సంవత్సరములకొలది నిలిచిపోవును.

బెంగళూరులో పర్యూషణ మెట్లు జరుగునో చెప్పనవసరము లేదు. చిక్కపేట, మామూలుపేట, నగర్తపేట, అవెన్యూ రోడ్డు వర్తకులు ఆ ఎనిమిది దినములు సాయంకాలము త్వరగా ఇంటికి పోవుదురు. సంవత్సరమంతయు రాత్రి పదింటికి భుజించువారు సూర్యాస్తమయమునకు ముందే చేయి కడుగుకొందురు. గుట్కా పొట్లము జేబులో నుండదు. గుమాస్తాను కసరుకొనుట తగ్గును. సంవత్సరీ దినమున మిచ్ఛామి దుక్కడం చెప్పుకొందురు. మరి రెండు దినములు గడచునప్పటికి? పదింటి భోజనము వచ్చును, పొట్లము వచ్చును, కసరు వచ్చును. దీనిని చూచి పెద్దలు కుఱ్ఱవారికి భక్తి చాలదందురు. భక్తి లోపము కాదు. ఎనిమిది దినములు నీరు మాత్రము త్రాగి అఠ్ఠాయి చేసినవానికి భక్తి లేదనుట అన్యాయము. అతడు నియమమును ఎనిమిది దినములకే తీసికొనెను, మనస్సు ఆ ఎనిమిదిని వ్రేళ్ళపై లెక్కించుకొనుచు కూర్చుండెను. తొమ్మిదవ దినమునకు ఏమి ఏర్పాటు చేసెనని ఎవరును అడుగలేదు.

అలవాటు నాటుకొనుటకు ఎంతకాలము పట్టునని లండనులోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ అను ఆమె, మరికొందరు కలిసి పరిశోధించి 2010లో ప్రకటించిరి. 96 మందిని తీసికొని ఒక్కొక్కరిని ఒక్క చిన్న పని ఎన్నుకొమ్మనిరి. భోజనముతో ఒక పండు తినుట, గ్లాసు నీరు త్రాగుట, కొంత నడచుట వంటివి. దినమునకు ఒకసారి, ఒకే సందర్భమున, 84 దినములు చేయవలెను. తలచుకొనక్కరలేకుండ ఆ పని దానంతట అది జరుగు స్థితికి వచ్చుటకు సగటున 66 దినములు పట్టునని తేలినది. అయితే కొందరికి 18 దినములే చాలినవి. కొందరి లెక్కను పొడిగించి చూడగా 254 దినముల వరకు పోయినది. నీరు త్రాగుట వంటిది త్వరగా పట్టుబడినది, వ్యాయామమునకు ఎక్కువ కాలము పట్టినది. ఈ లెక్క ప్రకారము పర్యూషణము ఎనిమిది దినములు గాని, దిగంబరుల దశలక్షణ పర్వము పది దినములు గాని అలవాటును ఆరంభించుటకు చాలును, నాటుటకు చాలవు. చాతుర్మాసము నాలుగు నెలలు, అనగా సుమారు 120 దినములు. పూర్వాచార్యులు ఏ ప్రయోగశాలయు లేకయే వర్షాకాలమంతయు శ్రావకులను నియమములలో ఉంచిరి. వానలలో సాధువుల విహారము ఆగిపోవుట, జీవహింస తప్పించుట దానికి అసలు కారణములు. ఫలితము మాత్రము ఇటువైపును దక్కినది. చాతుర్మాసమున చేసినది కార్తీక పూర్ణిమకు తరువాతను నిలుచుట, పర్యూషణమున చేసినది జారిపోవుట పలు కుటుంబములలో చూడవచ్చును.

నియమము ముందా, నమ్మకము ముందా అను ప్రశ్న ఇప్పటి యువకులు అడుగుచుందురు. నమ్మకము కుదరనిదే ప్రతిజ్ఞ పట్టుట కపటమని వారి వాదము. దీనికి గాంధీగారి జీవితము మంచి సమాధానము. 1888లో ఆయన బారిష్టరు చదువునకు సీమకు పోవునప్పుడు తల్లి పుత్లీబాయి భయపడెను. అప్పుడు బేచర్జీ స్వామి అను జైన సాధువు, పూర్వాశ్రమమున మోఢ్ బనియా అయినవారు, మద్యము, పరస్త్రీ, మాంసము ముట్టనని ఆయనచేత ప్రమాణము చేయించిరి. ఆ పిల్లవానికి అప్పటికి శాకాహారము నందు గొప్ప నమ్మకమేమియు లేదు. బాల్యమున స్నేహితునితో గూడి రహస్యముగా మాంసము తిన్నవాడే. మాంసము తిన్నగాని దేశము బలపడదని తలచినవాడే. లండనులో ఉప్పు కారము లేని ఉడికిన కూరలతో కడుపు నిండక బాధపడెను. ఒక మిత్రుడు బెంథాము గ్రంథము తీసికొనివచ్చి చదివి వాదించెను. వాదములో గెలువజాలనని ఆయన ఒప్పుకొనెను, ప్రమాణము మాత్రము వదలలేనని చెప్పెను. తరువాత ఫారింగ్డన్ వీధిలో శాకాహార భోజనశాల కనబడెను. అక్కడ సాల్ట్ అను ఆయన వ్రాసిన పుస్తకము కొని చదివెను. అది చదివిన నాటినుండియే ఇష్టపూర్వకముగా శాకాహారి నైతినని స్వయముగా వ్రాసికొనిరి. చూడుడు, ముందు ప్రమాణము, దాని వెనుక ఆకలి, ఆ పిమ్మట నమ్మకము. ప్రమాణమే లేకున్నచో ఆ పుస్తకము చేతికి అందువరకు ఆయన నిలిచి యుండెడివారా?

1891లో బొంబాయికి తిరిగివచ్చిన దినముననే గాంధీగారికి రాయచంద్ భాయి, అనగా శ్రీమద్ రాజచంద్రులు, పరిచయమైరి. వారు వజ్రముల వర్తకులు. లక్షల బేరము మాటలాడి ముగింపగానే ధర్మగ్రంథమో, తాము వ్రాసికొను పుస్తకమో తెరచెడివారని గాంధీగారు చెప్పిరి. బేరమునకు, పుస్తకమునకు మధ్య వారికి వేరే అవకాశము అక్కరలేదు. ఒకటి ముగియుటయే రెండవదానికి గంట. ఇది అలవాటు కట్టుటలోని కీలకము. "తీరికైనప్పుడు స్వాధ్యాయము చేయుదును" అనువానికి తీరిక రాదు. "గల్లాపెట్టెకు తాళము వేయగానే ఒక పుట చదువుదును" అనువానికి తాళమే జ్ఞాపకము చేయును. 1915లో హరిద్వారపు కుంభమేళాలో గాంధీగారు దినమునకు ఐదు పదార్థములకు మించి తినను, చీకటి పడిన తరువాత తినను అని మరి రెండు నియమములు పట్టిరి. పదునాలుగు నియమములు ధరించు శ్రావకులకు మొదటిది ద్రవ్య పరిమాణమనియు, రెండవది రాత్రిభోజన త్యాగమనియు వెంటనే తెలియును.

నియమము చిన్నదైనను పనిచేయునని చెప్పుటకు వంకచూలుని కథను మించినది లేదు. ఉపాశ్రయములలో పిల్లలకు చెప్పు కథయే. రాజకుమారుడై పుట్టి, దుష్ప్రవర్తనచేత వెడలగొట్టబడి, దొంగలకు నాయకుడయ్యెను. సాధువులు వర్షాకాలమున అతని పల్లెలో ఉండవలసి వచ్చినప్పుడు, ధర్మము బోధింపరాదను షరతుపై చోటిచ్చెను. సాధువులు మాట నిలుపుకొనిరి. పొలిమేర దాటునప్పుడు మాత్రము దొంగతనము మానుమని గాని, హింస మానుమని గాని చెప్పక, అతడు మోయగల నాలుగు నియమములను ఇచ్చిరి. పేరు తెలియని పండు తినరాదు. ఎవరినైనను కొట్టుటకు ముందు ఏడడుగులు వెనుకకు వేయవలెను. రాజు భార్యను కోరరాదు. కాకిమాంసము తినరాదు. దొంగకు ఇవి నవ్వులాట వలె తోచియుండును. కాని అడవిలో పేరు తెలియని పండ్లు తిన్న అనుచరులు చచ్చిరి, అతడు బ్రతికెను. రాత్రి ఇంటికి వచ్చి భార్య ప్రక్కన పురుషవేషము నిదురించుచుండగా చూచి కత్తి ఎత్తెను. ఏడడుగులు వెనుకకు వేయగా కత్తి తలుపునకు తగిలి చప్పుడయ్యెను, నిదురలేచిన ఆ వేషము అతని చెల్లెలే. మూడవది రాజానుగ్రహమును తెచ్చెను. నాల్గవదానికొరకు, వైద్యుడు కాకిమాంసము మందుగా చెప్పినను తినక, ప్రాణమే విడిచి స్వర్గమునకు పోయెను.

ఈ నాల్గింటిలో రెండవది కోపిష్ఠి వర్తకులకు సరిగా సరిపోవును. ఏడడుగులు నడచుటకు ఎంతసేపు పట్టును? నాలుగైదు క్షణములు. ఆ నాలుగైదు క్షణములలో చెల్లెలు చెల్లెలని తెలిసినది. కొనుగోలుదారుడు వస్త్రము తిరిగి తెచ్చినప్పుడు, గుమాస్తా బిల్లు తప్పు వ్రాసినప్పుడు, నోరు తెరచుటకు ముందు దుకాణము వెనుక బీరువా వరకు నడచి రావలెనని నియమము పెట్టుకొన్నచో చాలును. కోపపడనని ప్రతిజ్ఞ చేయుటకంటె ఇది సులభము. కోపము చేతిలోని పని కాదు, అడుగు చేతిలోని పని.

ఇక పచ్చక్ఖాణపు కట్టుబాటును కొంచెము నిదానముగా చూడవలెను. అన్నిటికంటె చిన్నది నవకారసీ. సూర్యోదయము తరువాత ఒక ముహూర్తము, అనగా 48 నిమిషములు, నోట నీరైనను వేయక, పిడికిలి మూసి నవకారము చెప్పి ముగించుట. బెంగళూరులో సూర్యోదయము సంవత్సరములో సుమారు ఒక గంట తేడాతో మారును గాని ఏ కాలములోనైనను ఉదయము ఏడు గంటల నలుబదియైదు నిమిషముల లోపున నవకారసీ ముగియును. కాఫీ కొంచెము ఆలస్యమగును, అంతే. ఇంత చిన్న నియమములో గూడ పెద్దలు రెండు ఆగారములు, అనగా మినహాయింపులు, ముందే చెప్పి ఉంచిరి. మరచిపోయి నోట వేసికొనుట ఒకటి, అనుకోకుండ నోట పడుట ఒకటి. పోరిసీకి ఆగారములు ఇంకను ఎక్కువ. వ్యాపార దస్తావేజు వ్రాయువానికి ఇందలి తెలివి తెలియును. దైవికముగా జరుగు సంగతులకు షరతు వ్రాయని ఒప్పందము మొదటి వర్షమునకే తగవులకు పోవును.

అమెరికాలో విలియం జేమ్స్ అను ఆచార్యుడు 1890లో వెలువరించిన మనస్తత్వ గ్రంథములో అలవాటుపై ఒక అధ్యాయము వ్రాసెను. క్రొత్త అలవాటు వేరూనువరకు ఒక్క మినహాయింపును గూడ ఇవ్వరాదని అతని మతము. పైన చెప్పిన లండను పరిశోధనలో మాత్రము ఒక దినము తప్పినంత మాత్రమున అలవాటు నాటుకొనుట చెడలేదని తేలినది. రెండును ఒకదానికొకటి విరుద్ధముగా కనబడును. పచ్చక్ఖాణపు విధానములో ఈ చిక్కు లేదు. తెలియక జరిగినది ఆగారము, నియమము నిలిచియే యున్నది, జ్ఞాపకము రాగానే ఉమిసి కొనసాగింపవలెను. తెలిసి చేసినది భంగము, దానికి ఆలోచన, ప్రాయశ్చిత్తము వేరే కలవు. ఒక పూట తప్పినదని "ఎటులను చెడినదికదా" యని పూర్తిగా వదలివేయుట ఏ శాస్త్రమును చెప్పలేదు. వదలివేయుటకు మనస్సు వెదకుకొను సాకు అది.

గంఠసీ పచ్చక్ఖాణము ఇప్పుడు చాలమంది మరచిరి. బట్ట కొంగునకో దారమునకో ముడి వేసికొందురు. ఏదైన తినవలెనన్నచో, త్రాగవలెనన్నచో నవకారము చెప్పి ముడి విప్పవలెను, ముగింపగానే మరల ముడి వేయవలెను. శత్రుంజయ క్షేత్రపు కపర్ది యక్షుని పూర్వజన్మ కథ దీనికి సంబంధించినదే. చెప్పువారినిబట్టి కొన్ని వివరములు మారుచుండును. మద్యమునకు దాసుడైన ఒక నేతగాడు మానలేనని గురువుతో చెప్పగా, మానవద్దు, ముడి విప్పి త్రాగి మరల ముడి వేసికొనుమని గురువు చెప్పెను. ఒక దినము ముడి బిగిసి రాలేదు. దప్పికతో ప్రాణములు పోవుచున్నను ముడి తెంపక విడిచి, యక్షుడై పుట్టెను. కథ సంగతి అట్లుండనిండు. ఆ గురువు మద్యమునకు, చేతికి నడుమ ఒక ముడిని పెట్టెను. చెడు అలవాటు చేయి తెలియకయే జరుగుచుండును. జర్దా డబ్బా ఎప్పుడు తెరచెనో తెరచినవానికే తెలియదు. ముడి విప్పవలసివచ్చినచో తెలియును. దినమునకు ఇరువదిసార్లు విప్పువాడు ఇరువదిసార్లు తన్ను తాను చూచుకొనును. దుకాణములో కూర్చుండి టీ, బిస్కత్తు, కారా, మరల టీ అనుచు సాయంకాలము వరకు నోరు ఆడించువారికి ఇంతకంటె చౌకయైన మందు లేదు.

నియమము చెడుటలో గూడ మెట్లు కలవు. అతిక్రమము, వ్యతిక్రమము, అతిచారము, అనాచారము. సాధువులకు తగని ఆహారమును ఉదాహరణముగా చెప్పుదురు. పిలుపునకు ఒప్పుకొనుట అతిక్రమము. పోవుటకు అడుగు వేయుట వ్యతిక్రమము. పాత్రలో తీసికొనుట అతిచారము. తినుట అనాచారము. సిగరెట్టు మానిన వానికి దీనిని అన్వయింపవచ్చును. భోజనానంతరము "ఒక్కటి అయితే నేమి" అనుకొనుట మొదటి మెట్టు. మూలనున్న బీడాకొట్టు వైపు నడచుట రెండవది. కొని చేత పట్టుకొనుట మూడవది. ముట్టించుట నాల్గవది. నలుగురిలో ముగ్గురు నాల్గవ మెట్టున నిలిచి మనోబలమును పిలుచుచుందురు. అప్పటికి అది రాదు. రెండవ మెట్టున దారి మార్చుటకు మనోబలము అక్కరలేదు, మరియొక వీధి చాలును. భోజనము కాగానే బీడాకొట్టు లేని వీధిన నడచువాడు సగము గెలిచినట్లే. మొదటి మెట్టున మనస్సును పట్టుట ఉత్తమము, కాని అది ఎక్కువ అభ్యాసము కావలసిన పని.

వర్తకమునకు సంబంధించిన అలవాట్ల విషయమున ఉమాస్వాతి ఆచార్యుల తత్త్వార్థ సూత్రము, ఏడవ అధ్యాయము, ఎంత స్పష్టముగా నున్నదనగా దానిని దుకాణములో వ్రేలాడదీయవచ్చును. అచౌర్య వ్రతమునకు అతిచారములు ఐదు. దొంగను ప్రోత్సహించుట, దొంగసొత్తు కొనుట, రాజ్యపు కట్టడిని మీరి వ్యాపారము చేయుట, తూనికలు కొలతలలో హెచ్చుతగ్గులు, కల్తీసరుకు. సత్యవ్రతపు అతిచారములలో దొంగపత్రము వ్రాయుట, నమ్మి దాచిన సొమ్మును అపహరించుట కలవు. ఇవి పెద్ద నేరములుగా ఆరంభము కావు. మొదట గజము మీద బొటనవ్రేలి వెడల్పు తగ్గును. కొనువాడు గమనింపడు. రెండవసారి చేయి తనంతటనే అటు పోవును. ఏడాదికి ఆ చేతికి సరిగా కొలుచుట చేతకాదు. ఇంతకంటె విచారకరమైన సంగతి, ప్రక్కన నిలుచుండి పని నేర్చుకొను కుమారుడు దానినే కొలతయని నేర్చుకొనును.

1949 మార్చిలో రాజస్థానములోని సర్దార్ శహరులో ఆచార్య తులసీగారు అణువ్రత ఉద్యమమును ఆరంభించినప్పుడు యుద్ధకాలపు కంట్రోళ్లు, దొంగబజారు ఇంకను పోలేదు. మహావ్రతములు సాధువులకు, అణువ్రతములు గృహస్థులకు అనునది పాత సంగతియే. జైనులు కానివారు గూడ పట్టదగిన చిన్న ప్రతిజ్ఞలుగా వానిని ఆయన వాడుకలోకి తెచ్చుట క్రొత్త. కల్తీ చేయను, తూకము తగ్గింపను అను ప్రతిజ్ఞలను వర్తకులు బహిరంగముగా చేయుట వింతయై, 1950లో అమెరికాలోని టైమ్ పత్రిక గూడ దీనిని గూర్చి వ్రాసెను. ఆచార్యులు దక్షిణ యాత్రలో 1968లో మద్రాసున, 1969లో బెంగళూరున చాతుర్మాసము చేసిరి. సరిగా ఏబది ఏండ్లకు, 2019లో, ఆచార్య మహాశ్రమణులు బెంగళూరు శివారున కుంబళగోడులో చాతుర్మాసము గడపిరి. 2014లో ఢిల్లీ నుండి బయలుదేరిన వారి అహింసా యాత్రలో ఊరూర జనులచేత చేయించిన ప్రతిజ్ఞలు మూడే: సద్భావము, నైతికత, వ్యసనముక్తి. బహిరంగముగా నలుగురిలో చెప్పిన మాటకు ఒక బలము కలదు. ఒంటరిగా మనస్సులో అనుకొన్న నియమమును మనస్సే కొట్టివేయగలదు. సాక్షి యున్నప్పుడు కొట్టివేతకు ఇద్దరి సంతకము కావలెను. గురువు దొరకని దినమున భార్యయైనను సాక్షియే. ఆమె మరచిపోదు.

మంచి అలవాటునకు ఒక చీడ కలదు, దానిని దాచిపెట్టుట తగదు. నిత్యము జరిగినకొలది అది యంత్రమగును. ముహపత్తి పట్టి కటాసనముపై కూర్చుండి 48 నిమిషములలో నలుబదిసార్లు గడియారము చూచు సామాయికములు ఎన్ని లేవు? శాస్త్రము దీనిని ద్రవ్యావశ్యకమని, మనస్సు నిలిచినదానిని భావావశ్యకమని వేరుచేసెను. సామాయికపు అతిచారములలో మనోవాక్కాయములను చెడుగా నడపుట, అనాదరము, మరపు చేర్చబడినవి. అయినను యాంత్రికమైనది పనికిరాదని మానుకొన్నవాడు, దాని స్థానమున భావపూర్వకమైనది చేసిన ఉదాహరణము అరుదు. ఆ 48 నిమిషములు ఫోను చేతిలో లేదు, కోపపు మాట నోట రాలేదు, ఎవరిని మోసగింపలేదు. కాళ్లు కూర్చుండుట నేర్చినవి. మనస్సు ఏనాటికైనను వచ్చినచో కూర్చుండుటకు స్థలము సిద్ధముగా నుండును.

పిల్లల సంగతిలో పెద్దలు చెప్పు మాటకంటె ఇంటి ఏర్పాటు ఎక్కువ నేర్పును. రాత్రి భోజనము మానవలెనని కుమారునకు చెప్పి, తాను తొమ్మిదింటికి దుకాణము మూసి వచ్చి పళ్లెము ముందు కూర్చుండు తండ్రి మాట చెల్లదు. చౌవిహారము బెంగళూరు వర్తకులకు కష్టమైనదే. సాయంకాలము ఆరు నుండి ఎనిమిది వరకే బేరము జోరుగా నుండును. అందుచేత ఇది మనోబలముతో గాక పళ్లెము వేళతో సాధింపవలసిన పని. జులై మాసమున సూర్యుడు సుమారు ఆరు గంటల ఏబది నిమిషములకు అస్తమించును. నవంబరులో సుమారు ఐదు గంటల ఏబది నిమిషములకే. గంట తేడా. వేసవిలో కుదిరిన నియమము కార్తీకములో చెడుటకు ఇదియే కారణము, చెడిన తరువాత కారణము తెలియక తమ్ము తాము నిందించుకొందురు. చాతుర్మాసము మొదలుకాగానే పంచాంగము చూచి, వారము వారము అస్తమయ వేళను కాగితముపై వ్రాసి వంటింటి గోడకు ఒకటి, గల్లాపెట్టె మూతకు ఒకటి అంటింపవలెను. టిఫిన్ కారియరు ఆషాఢములో ఐదున్నరకు బయలుదేరినను చాలును. దీపావళి దాటిన తరువాత నాలుగున్నరకే ఇల్లు వదలవలెను, ఏలనగా చిక్కపేటలో సైకిలుకైనను ఆ వేళకు దారి దొరకదు.